ఆటగాడి వెల, జట్టు విలువ

ఫుట్‌బాల్ చూస్తానంటే మిత్రులు కొందరు నొసలు చిట్లిస్తారు. జనాన్ని జోకొట్టే సాధనమని ఆటను కొట్టిపారేయడం వారికి తేలిక. లక్షల మంది శ్రామికులు తమదనుకునే దాన్ని అంత సులభంగా వదులుకోవడం నాకు చేతకాదు. పైగా పెట్టుబడి నడిచే తీరు అర్థశాస్త్ర గ్రంథాలలో కన్న ఆటస్థలంలోనే ఒక్కొక్కప్పుడు తేటగా కనబడుతుంది.

2018 జూలైలో ఇటలీలోని ట్యూరిన్ నగరపు జువెంటస్ జట్టు క్రిస్టియానో రొనాల్డోను రియల్ మాడ్రిడ్ నుంచి కొన్నది. వెల 10 కోట్ల యూరోలు. పై ఖర్చులు మరో కోటీ 20 లక్షలు. నాలుగేళ్ల ఒప్పందం. జీతం, పన్నులు పోను, ఏడాదికి సుమారు 3 కోట్ల యూరోలని పత్రికలు రాశాయి. అప్పటికతనికి 33 ఏళ్లు. ఈ ఆటలో అది పొద్దు వాలే వయస్సు.

జువెంటస్ 1923 నుంచీ అగ్నెల్లి కుటుంబం చేతిలో ఉన్న జట్టు. ఫియట్ క్రైస్లర్ కార్ల కంపెనీలోనూ అప్పట్లో పెద్ద వాటా ఆ కుటుంబపు సంస్థదే. అందుచేత దక్షిణ ఇటలీలోని మెల్ఫీ కర్మాగారంలో ఒక కార్మిక సంఘం సమ్మెకు పిలుపిచ్చింది. ఏళ్ల తరబడి మమ్మల్ని త్యాగాలు చెయ్యమంటూ ఒక్క ఆటగాడి మీద ఇంత సొమ్ము గుమ్మరిస్తారా అన్నది వారి ప్రశ్న. సమ్మెలో దిగినవారు వేళ్ల మీద లెక్కించదగినంతమందేనని యాజమాన్యం ప్రకటించింది.

ఈ సంగతి మా కాలేజీలో చాలాకాలం నలిగింది. "ఒక్క మనిషికి అంత జీతమా? ఇంతకన్న అన్యాయం ఉంటుందా?" అన్నారొక సహోపాధ్యాయులు. "కార్మికులకే పట్టనిది మనకెందుకు మాస్టారూ?" అన్నాడొక విద్యార్థి. ఇద్దరూ చూడవలసిన చోట చూడటం లేదని నాకు తోచింది.

ముందు జీతం మాట. ఆటగాడు అమ్ముకునేది తన శ్రమశక్తినే. మోకాళ్లు నిలిచినన్నాళ్లే అతని బేరం, పది పదిహేనేళ్లు. టిక్కెట్లూ, చొక్కాలూ, టెలివిజన్ హక్కులూ తెచ్చే రాబడి అతనివంటి వారి కాళ్లలోంచి పుట్టినదే. అతని జీతం సగానికి కోస్తే ఆ మిగులు మెల్ఫీ కార్మికుని ఇంటికి చేరుతుందా? యజమాని పెట్టెలోకే పోతుంది. 2020లో మహమ్మారి వచ్చినప్పుడు జువెంటస్ ఆటగాళ్ల నాలుగు నెలల జీతాల్లో కోత ప్రకటించారు. తనకు రావలసిన బకాయి కోసం రొనాల్డో మధ్యవర్తి మండలిని ఆశ్రయించవలసి వచ్చింది. 2024 ఏప్రిల్‌లో సుమారు 98 లక్షల యూరోలు చెల్లించమని తీర్పయింది. కోటీశ్వరుడైనా జీతం దగ్గర జీతగాడే. అతణ్ణి దోపిడీదారుల వరుసలో నిలబెట్టడం మన లెక్కల పొరపాటు.

ఇక వయస్సు మాట. జువెంటస్ 2018 నాటికే వరసగా ఏడేళ్లు ఇటలీ విజేత. అతణ్ణి తెచ్చింది 1996 తరువాత చేజిక్కని యూరప్ కప్పు కోసం. 2019లో అజాక్స్ చేతిలో ఓడిపోయారు. రెండు ఆటల్లోనూ జువెంటస్ కొట్టిన రెండు గోల్సూ రొనాల్డోవే. 2020లో లియాన్‌తో మొత్తం గోల్సు సమానమై, పరాయి గడ్డపై చేసిన గోల్సు లెక్కలో పోయింది. ఆ రెండు గోల్సూ అతనివే. 2021లో పోర్టో మీద మాత్రం అతని కాలు ఆడలేదు. మూడేళ్లలో 134 ఆటల్లో 101 గోల్సు. ముసలి ఎద్దు కాడి దించలేదు. తక్కిన సేద్యమే సరిగా సాగలేదు.

అజాక్స్ జట్టును గుర్తు చేసుకోండి. ట్యూరిన్‌లో గెలుపు గోలు కొట్టిన నాయకుడు డి లిఖ్ట్ 19 ఏళ్ల కుర్రవాడు, ఆ క్లబ్బు బడిలోనే పెరిగినవాడు. దానికి జువెంటస్ నేర్చుకున్న పాఠమేమిటి? ఆ వేసవిలోనే అతణ్ణి 7 కోట్ల 50 లక్షల యూరోలకు కొనేసింది! పెంచవలసినదాన్ని కొనుక్కోవచ్చుననే నమ్మకమే అసలు జబ్బు. అజాక్స్‌కూ కుర్రవాళ్లను పెంచి అమ్మడం వ్యాపారమే, కాదనను. కాని అక్కడ అమ్మకానికి ముందు ఒక బడి ఉంది.

పద్దు సంగతి. 2018-19లో జువెంటస్ నష్టం సుమారు 4 కోట్ల యూరోలు. మరుసటి ఏడు 9 కోట్లు. 2020-21లో 21 కోట్లు. ప్రేక్షకులు లేక మైదానాలు మూతపడిన కాలమది. నష్టమంతా ఒక్కడి నెత్తిన రుద్దడం న్యాయం కాదు. అయినా అంత బరువైన జీతాల మూట ఎత్తుకున్న జట్టుకు గాలివాన వస్తే దాచుకున్నదేమీ ఉండదు. 2021 ఆగస్టులో రొనాల్డోను మాంచెస్టర్ యునైటెడ్‌కు కోటీ 50 లక్షలకు వదిలేశారు.

మరి వృద్ధాప్యంలోకి అడుగిడుతున్న వీరుని మీద జట్టు అంత ఖర్చు పెట్టవచ్చునా? అతడు తగునా తగడా అన్న ప్రశ్నకు ముందు మరొకటి ఉంది: నిర్ణయించినదెవరు? ట్యూరిన్‌లో ఒక కుటుంబం నిర్ణయించింది. గ్యాలరీలో ఏళ్ల తరబడి గొంతు చించుకున్నవాణ్ణీ, దక్షిణాది నుంచి వలసవచ్చి ఫియట్‌లో చేరి ఆ జట్టును ప్రేమించినవాణ్ణీ ఎవరూ అడగలేదు. జర్మనీలో, కొద్ది మినహాయింపులతో, క్లబ్బు సభ్యుల చేతిలో సగానికి పైగా ఓట్లుండాలనే నియమం ఉంది. దానివల్ల స్వర్గం దిగిరాలేదు. అక్కడా ధనిక జట్టే ఎక్కువసార్లు గెలుస్తుంది. అయినా ఖర్చుకు సమాధానం చెప్పవలసిన చోటు ఒకటుంది.

సభ్యులే కూడి, లెక్కలు చూసి, "ఈ పెద్దవాడు మన పిల్లలకు నాలుగు మెలకువలు నేర్పుతాడు, రెండేళ్లు భరిద్దాం" అనుకుంటే నాకు అభ్యంతరం లేదు. తప్పయితే ఆ తప్పు వారిదే, దిద్దుకునేదీ వారే. మెల్ఫీ సంఘానికి ఆ పాటి చోటు కూడా లేదు గనుకనే సమ్మెకు పిలుపిచ్చింది. ఎంతమంది దిగారన్నది వేరే లెక్క. విద్యార్థి మిత్రులు రొనాల్డో జీతాన్ని తిట్టడం మాని ఆ సంఘం అడిగిన ప్రశ్నను మరొకసారి చదవాలని నా కోరిక. అందులో ఆటగాడి మీద అసూయ కన్న యజమానిని లెక్క అడగడమే ఎక్కువ.