కింద శవాలు, పైన కాపురం

మధ్యాహ్నాలు పని అయ్యాక ‘సిక్స్ ఫీట్ అండర్’ అనే పాత అమెరికన్ సీరియల్ మొదలుపెట్టాను. 2001లో హెచ్‌బీఓలో వచ్చింది, ఐదు సీజన్లు.

లాస్ ఏంజెలిస్‌లో ఫిషర్ కుటుంబానిది అంత్యక్రియలు జరిపించే వ్యాపారం. అంతా ఒకే ఇంట్లో. నేలకింద గదిలో శవాలకు మందులెక్కించి, దెబ్బలు కనబడకుండా మేకప్ వేస్తారు. దాని పైన హాల్లో బంధువులు ఆఖరి చూపు చూసుకుంటారు. ఆ పైన వీళ్ల కాపురం! దాదాపు ప్రతి ఎపిసోడూ ఎవరో ఒకరి చావుతోనే మొదలవుతుందట.

మొదటి చావు ఇంటాయనదే. క్రిస్మస్ ముందురోజు కొత్త శవవాహనం నడుపుకుంటూ వెళ్తుంటే బస్సు గుద్దేస్తుంది. వంటింట్లో ఉన్న భార్య రూత్‌కి ఫోనొస్తుంది. ఆవిడ అరిచి, ఫోను విసిరి, వండిన మాంసం నేలపాలు చేస్తుంది. కొడుకు వస్తే, మీ నాన్న పోయాడు, నా వంట పాడైపోయింది అని రెండూ కలిపి చెబుతుంది. చాలామందికి వింతగా ఉంటుందేమో, నాకు లేదు. రోజంతా వంటింట్లో గడిపే మనిషికి దుఃఖం కూడా అక్కడే తగులుతుంది.

మా వైపు చావు జరిగిన ఇంట్లో పొయ్యి వెలిగించరు. నాన్న పోయినప్పుడు పక్కింటివాళ్లే అన్నం, చారు తెచ్చారు. అమ్మ చుట్టూ ఆడవాళ్లు కూర్చున్నారు. “నన్నిలా వదిలేసి పోతారా అండీ” అంటూ అమ్మ గొంతు పోయేదాకా ఏడ్చింది. ఎవరూ ఆపలేదు. ఫిషర్ల ఇంట్లో గట్టిగా ఏడ్చేవాళ్లను మెల్లగా పక్కగదిలోకి తీసుకెళ్తారు.

అలాగని మనదే మేలు అనలేను. పదోరోజు అదే ఆడవాళ్లు అమ్మ గాజులు తీయించారు.

సమాధి దగ్గర ఉప్పు సీసాలాంటి డబ్బాతో మట్టి చల్లమంటారు, చేతికి అంటకుండా. పెద్దకొడుకు నేట్ అది వద్దని గుప్పెడు మట్టి తీసి వేస్తాడు. తర్వాత రూత్ కూడా తన చేతులతోనే మట్టి తీసుకుని భర్త మీద వేసి కుమిలిపోతుంది. అక్కడే ఆపేసి కాసేపు కూర్చున్నాను. మా అమ్మను గుమ్మం దాటి రానివ్వలేదు మరి. పాడె సందు మలుపు తిరిగేదాకా చూస్తూ నిలబడింది, అంతే.

చూడాలనుకుంటే పిల్లలు ఇంట్లో లేనప్పుడు చూడండి, పడగ్గది సీన్లున్నాయి. చూశాక మీ అమ్మకు ఒకసారి ఫోన్ చేయండి.