తెల్లవారుజామున మూడింటికే మెలకువా?

తెల్లవారుజామున మూడింటికే మెలకువ వచ్చేసి, ఆపైన ఎంత దొర్లినా రెప్ప పడకపోతే మీ ఇంట్లోవాళ్లు ఏమంటారు? "పగలు పడుకుని ఉంటావు" అంటారు. కాదంటే "నీకేం తక్కువని అంత ఆలోచన?" అంటారు. ఈ రెండు మాటలూ విననివాళ్లు మనలో తక్కువే!

మా అమ్మాయికి పెళ్లయి రెండేళ్లయింది. కిందటేడు అబ్బాయి కూడా ఇంజనీరింగుకని హాస్టల్లో చేరాడు. ఆ తర్వాతే నాకీ మూడు గంటల మెలకువ మొదలైంది. దాని వెనకాలే దేనిమీదా మనసు నిలవకపోవడం, అన్నం సయించకపోవడం, ఊరికే కళ్లనీళ్లు రావడం. డాక్టరుకు చూపించుకుంటే నిద్రమాత్రలు రాసిచ్చారు గానీ, ఇంట్లో ఏమైందమ్మా అని అడగలేదు.

సైకాలజీ ఎమ్మెస్సీ చదువుతున్న మా చెల్లెలి కూతురు సెలవులకి వచ్చి, నా వాలకం చూసి, "పెద్దమ్మా, నీలాంటి వాళ్ల గురించి అమెరికాలో ఒకాయన ఎప్పుడో రాశాడు" అంది. నేను ఇంటర్‌తో ఆగిపోయినదాన్ని. అది తెలుగులో విడమరిచి చెబితే నాకు అర్థమైనంత మీకూ చెబుతాను.

ఆయన డేవిడ్ కుప్ఫర్, పిట్స్‌బర్గ్ విశ్వవిద్యాలయంలో పనిచేసిన మానసిక వైద్యుడు. మనం నిద్రపోయిన సుమారు గంటన్నరకి, మూసిన రెప్పల కింద కనుగుడ్లు గబగబా కదులుతాయట. కలలు ఎక్కువగా వచ్చేది అప్పుడే. డిప్రెషన్ ఉన్నవాళ్లలో చాలామందికి ఆ దశ ఇంకా ముందే వచ్చేస్తోందని ఆయన 1976లో రాశారు. వేరే కొన్ని జబ్బుల్లోనూ అలా జరుగుతుందని తర్వాత తేలింది కాబట్టి, అదొక్కటే చూసి ఇది డిప్రెషన్ అని చెప్పలేరు.

నన్ను పట్టుకున్నది మాత్రం 1988లో ఆయన, సిండీ ఎలర్స్, ఎలెన్ ఫ్రాంక్ కలిసి రాసిన వ్యాసం. (ఎలెన్ ఆయన భార్యేనట. మొగుడూ పెళ్లాలు కలిసి నిద్ర గురించి పరిశోధించారంటే నాకు ముచ్చటేసింది!) మన ఒంట్లో ఒక గడియారం ఉంది. దాన్ని రోజూ సరిచేసేది వెలుతురొక్కటే కాదు, లేచే వేళ, తినే వేళ, నలుగురితో కలిసే వేళ కూడా. అయినవాళ్లు పోయినా, ఉద్యోగం పోయినా ఆ దుఃఖం ఒక ఎత్తు. వాళ్లతోపాటే మన రోజులోని వేళలు పోవడం ఇంకో ఎత్తు. వేళలు చెదిరితే నిద్ర చెదురుతుంది. కొందరిలో అది డిప్రెషన్‌కి దారితీయవచ్చు. ఇదీ వాళ్ల సిద్ధాంతం. అందరికీ ఇదే కారణం కావాలని లేదు గానీ, నాకు మా ఇల్లే కళ్లముందు కనబడింది.

ఇన్నేళ్లూ నాకు వాచీతో పని పడలేదు. ఐదుంబావుకి పాలు, ఆరింటికి పిల్లల్ని లేపడం, ఏడున్నరకి కాలేజీ బస్సు, ఎనిమిదికి మావారి క్యారియర్. ఇప్పుడు ఆయన ఆఫీసు క్యాంటీన్‌లోనే తినేస్తున్నారు. ఇంక నా ఒక్కదానికి ఉప్మా ఎనిమిదికి చేస్తేనేం, పదకొండుకి చేస్తేనేం? పిల్లల మీద బెంగ అని అందరూ అన్నారు. నిజమే, బెంగ ఉంది. కానీ నా వేళలు కూడా పోయాయని ఎవరికీ తట్టలేదు.

కుప్ఫర్‌గారి బృందమే 1990లో ఒక పట్టిక ప్రకటించింది. అందులో 17 అంశాలు. ఎన్నింటికి లేచారు, మొదట ఎవరితో మాట్లాడారు, పొద్దుటి కాఫీ ఎప్పుడు, మొదటిసారి బయటికి ఎప్పుడు వెళ్లారు, ఎన్నింటికి పడుకున్నారు... ఇలాంటివి. మనకి తోచినవి రెండు రాసుకోవడానికి చోటు కూడా ఉంది. పాల లెక్క పుస్తకం వెనక పేజీల్లో గళ్లు గీసి, ఆ చోట సాయంత్రం దీపం పెట్టే వేళ రాసుకున్నాను.

వారం నింపి చూస్తే లేచే వేళ ఏ రెండు రోజులూ ఒకటి కాదు. "మొదట ఎవరితో మాట్లాడారు" అనే గడి మంగళవారం మధ్యాహ్నం పన్నెండున్నర దాకా ఖాళీ! అప్పుడైనా మాట్లాడింది కూరగాయలబ్బాయితో.

ఇప్పుడు రాత్రి ఎలా గడిచినా ఐదున్నరకి లేస్తున్నాను. మధ్యాహ్నం కునుకు మానేశాను. మావారికి మళ్లీ క్యారియర్ కడుతున్నాను. మెలకువ పూర్తిగా పోయిందని చెప్పను, వారానికి ఒకటి రెండు రోజులు వస్తూనే ఉంది. అన్నం మాత్రం సయిస్తోంది. అయితే ఒకటి, దిగులు రెండు వారాలైనా వదలకుండా ఉన్నా, బతకాలనిపించకపోయినా పట్టికలు గీసుకుంటూ కూర్చోకండి. మానసిక వైద్యుల దగ్గరికి వెళ్లండి. 2022లో కేంద్ర ప్రభుత్వం మొదలుపెట్టిన టెలీ మానస్‌కి 14416 నంబరుకు ఫోన్ చేస్తే ఏ వేళప్పుడైనా తెలుగులోనే మాట్లాడతారు, డబ్బు కట్టక్కర్లేదు.

ఎదురింటి బాబాయిగారు పోయి మూడు నెలలైంది. పిన్నిగారు తొమ్మిదైనా తలుపు తీయడం లేదు. ఆయనకి ఆరింటికి కాఫీ ఇవ్వడంతోనే ఆవిడ రోజు మొదలయ్యేది మరి. పోయిన సోమవారం నుంచి, ముగ్గు వేయడం కాగానే నేనే వెళ్లి ఆవిడ తలుపు తడుతున్నాను. మొదటి రోజు విసుక్కున్నారు. నిన్న మాత్రం నేను వెళ్లేసరికి డికాక్షన్ దిగి ఉంది, రెండు గ్లాసులు పెట్టి ఉన్నాయి.