ఫిబ్రవరి జోస్యాలు

ఆలూ లేదు, చూలూ లేదు... కొడుకు పేరు సోమలింగం! ఏటా ఫిబ్రవరిలో ఫార్ములా వన్ అభిమానుల మాటలు వింటే ఈ సామెత వాళ్లకోసమే పుట్టిందేమో అనిపిస్తుంది. తొలి రేసుకు ఇంకా వారాల గడువుంటుంది. కొత్త కార్ల మీది ముసుగులు అప్పుడప్పుడే తొలగుతుంటాయి. ఈసారి విజేత ఎవరో, అట్టడుగున మిగిలేదెవరో మాత్రం అప్పటికే తేలిపోయి ఉంటుంది.

ముసుగు తీసే వేడుక అచ్చం పెళ్లిచూపులే. దీపాల వెలుగులో తళతళలాడే కారు, పక్కనే నవ్వులు చిందిస్తూ డ్రైవర్లు. చూపించాల్సింది చూపిస్తారు, దాచాల్సింది దాచేస్తారు. అభిమానులేమైనా అమాయకులా? ఫొటోని పెద్దది చేసుకుని ముక్కు దగ్గర్నుంచి మొదలుపెడతారు. 2014లో నిబంధనలు మారి ముక్కులు బాగా కిందికి దిగాల్సి వచ్చింది. కొన్ని కార్లు చీమల్ని తినే జంతువులా తయారయ్యాయి. చూసినవాళ్లు మొదట పగలబడి నవ్వారు. మరుక్షణం ఆ సన్నటి ముక్కు పక్కనుంచి గాలి ఎంత దూరుతుందోనని వాదనలకు దిగారు.

అసలు పరీక్ష ట్రాక్ మీద. చాలా ఏళ్లు స్పెయిన్‌లోని బార్సిలోనాలో, ఆ తర్వాత బహ్రెయిన్‌లో ఈ తతంగం జరుగుతూ వచ్చింది. ఓ కారు ఒంటి మీద ఆకుపచ్చ రంగు చల్లుకుని బయటికొస్తుంది. హోలీ ఏమీ కాదు. పరుగులో గాలి తగిలి ఆ రంగు ఎటు పారిందో చూసి, గాలి ఏ దారిన పోతోందో ఇంజనీర్లు తెలుసుకుంటారు. ఇంకో కారు చక్రాల వెనక పెద్ద జల్లెడలాంటి చట్రం ఉంటుంది. దాని నిండా గాలి ఒత్తిడిని కొలిచే సన్నటి గొట్టాలే.

సాయంత్రానికి ఎవరి వేగమెంతో పట్టిక వస్తుంది. చిక్కంతా అక్కడే! ట్యాంకులో పది కిలోల ఇంధనం పెరిగితే ల్యాప్‌కు సుమారు 0.3 సెకన్లు పోతాయి. ఎవరి ట్యాంకులో ఎంతుందో ఎవరూ చెప్పరు. 2019లో బార్సిలోనా పరీక్షలు ముగిసేసరికి ఫెరారీ డ్రైవర్ వెటెల్‌ది మొదటి స్థానం. మెర్సిడెస్ హామిల్టన్ వెనకబడింది సెకనులో వెయ్యింట మూడు వంతులే. అయినా ఆ ఏడాది ఫెరారీదేనని చాలామంది తేల్చేశారు. తీరా సీజన్ మొదలయ్యాక వరసగా తొలి ఎనిమిది రేసులూ మెర్సిడెస్ ఎగరేసుకుపోయింది.

అందుకే ఆరితేరిన అభిమానులు సెకన్లకంటే ల్యాపుల్ని లెక్కపెడతారు. 2014లో స్పెయిన్‌లోని హెరెజ్‌లో జరిగిన నాలుగు రోజుల పరీక్షల్లో మెర్సిడెస్ 309 ల్యాపులు తిరిగింది. వరసగా నాలుగేళ్లు చాంపియన్ అయిన రెడ్‌బుల్... కేవలం 21! ఆ ఏడాది 19 రేసుల్లో 16 మెర్సిడెస్‌వే.

అయితే ఎంత ఆరితేరినవాళ్లయినా 2009 దగ్గర కాస్త తగ్గి మాట్లాడతారు.

2008 డిసెంబరులో హోండా ఈ ఆటనుంచి తప్పుకుంటున్నట్లు ప్రకటించింది. ఇంగ్లండ్‌లోని బ్రాక్లీలో ఉన్న జట్టులో పనిచేస్తున్నది సుమారు 700 మంది. క్రిస్మస్ ముందు ఉద్యోగం ఉంటుందో ఊడుతుందో తెలియని పరిస్థితి. అంతకుముందు సీజన్‌లో ఆ జట్టు సంపాదించింది 14 పాయింట్లు. అలాంటి దాన్ని ఎవరు కొంటారు? చివరికి జట్టు పెద్ద రాస్ బ్రానే నామమాత్రంగా ఒక్క పౌండుకు తీసుకున్నారు. హోండా కోసం గీసిన కారులో మెర్సిడెస్ ఇంజన్‌ని ఇరికించారు. మిగతా జట్లు అప్పటికే వారాల తరబడి పరీక్షలు చేసేశాయి. బ్రాన్ కారు బార్సిలోనా చేరేసరికి మార్చి 9. ఒంటి మీద చెప్పుకోదగ్గ ప్రకటన ఒక్కటీ లేదు. చాలావరకు తెలుపే.

ఆ వారం గడవకముందే అది పట్టికలో అందరికంటే పైన కూర్చుంది.

తెలిసినవాళ్లంతా ఒకటే మాట: స్పాన్సర్ల కోసం ఆడుతున్న నాటకం. బరువు తగ్గించి, ఇంధనం తగ్గించి తిప్పుతున్నారు! ఈ అనుమానాన్ని తప్పుపట్టలేం. డబ్బుల్లేని జట్లు అలా చేయడం అంతకుముందూ ఉంది. కానీ కిటుకు వేరే చోట ఉంది... కారు కింద. నేలకూ కారు అడుగుభాగానికీ మధ్య దూసుకెళ్లిన గాలి, వెనక పైకి వాలిన భాగంలో విచ్చుకుంటుంది. అప్పుడు కింద ఒత్తిడి తగ్గి, కారు నేలను కరుచుకుంటుంది. ఆ భాగం పేరే డిఫ్యూజర్. 2009 నిబంధనలు దాని ఎత్తును కుదించాయి. బ్రాన్, టొయోటా, విలియమ్స్ జట్లు ఆ నిబంధనల్లోనే ఓ సందు కనిపెట్టి, గాలికి పైన రెండో అంతస్తు కట్టాయి. ఫెరారీ, రెనో వంటి జట్లు గొడవపెట్టాయి. ఏప్రిల్ 15న అప్పీలు కోర్టు ఆ అభ్యంతరాన్ని కొట్టేసింది.

మెల్‌బోర్న్‌లో తొలి రేసులోనే బటన్ మొదటి స్థానం, బారికెల్లో రెండు. బ్రాక్లీలో సంబరమే. కానీ గెలుపు వేరు, జీతాలు వేరు. ఆ విజయం తర్వాత కూడా వందలమందిని ఇంటికి పంపక తప్పలేదు. పోయినవాళ్లలో ఆ కారుకు బోల్టులు బిగించిన చేతులెన్నో!

అక్టోబరులో బ్రెజిల్‌లో డ్రైవర్ టైటిల్, జట్టు టైటిల్ రెండూ వాళ్లవే అయ్యాయి. మరుసటి ఏడాదికి ఆ జట్టు మెర్సిడెస్‌గా మారిపోయింది. బ్రాన్ పేరు మీద పరుగెత్తినవి 17 రేసులు, గెలిచినవి ఎనిమిది.

అప్పట్నుంచీ పరీక్షల్లో ఏ చిన్న జట్టు పైకెక్కినా అభిమానుల్లో ఎవరో ఒకరు అడుగుతారు, ‘ఇది మరో బ్రానా?’ అని. కాదని పక్కనున్నవాళ్లు నవ్వుతారు. నవ్వుతూనే, కారు వెనకవైపు తీసిన ఫొటో ఏదైనా దొరుకుతుందేమోనని వెతుకుతారు.