వనభోజనాల తగవు

కార్తీకమాసం వచ్చిందంటే మా కోటబొమ్మాళి చుట్టుపక్కల తోపులకు ఊపిరాడదు. ఉసిరిచెట్టు నీడన విస్తరి వేసుకొని భోంచేస్తే పుణ్యమని పెద్దలు చెప్పారు గాని, పక్కన పాటలపెట్టె పెట్టుకొమ్మని చెప్పినట్టు లేదు. అయితే ఈ వెటకారానికి నాకు అర్హత లేదు. అది ఒప్పుకోవడానికే ఈ టపా.

నాకు పిట్టల పిచ్చి. 2022 కార్తీకంలో ఒక ఆదివారం, తెల్లవారకముందే కొండవాలున ఉన్న తోపులో నక్కి కూర్చున్నాను. హిమాలయ పాదాల నుండి దక్షిణాదికి వలసపోయే పొన్నంగి పిట్ట దారిలో ఇటు దిగుతుంది. రెండు గంటలకు అది ఎండుటాకుల మీదికి వచ్చింది. కెమెరా ఎత్తేలోగా ఆటోల్లో ఒక కుటుంబం దిగింది, పెట్టె మోగింది, పిట్ట పోయింది. ఆ కోపంలో వారినే ఫొటో తీసి, "వనభోజనమా, వనభక్షణమా?" అని శీర్షిక తగిలించి ఫేస్‌బుక్‌లో పెట్టాను. చాలామంది మెచ్చుకున్నారు. సాయంత్రానికి వ్యాఖ్యలు పాటను వదిలి, ముందువరుసలో ఉన్న పెద్దావిడ కట్టు మీదికి, కులం మీదికి పోయాయి. నేను చదువుతూనే ఉన్నాను. తీసివేయలేదు.

మూడోనాడు ఒక కుర్రవాడు మా ఇంటికి వచ్చాడు. "మాస్టారూ, మాయమ్మ బొమ్మ లోకానికంతా ఎందుకెట్టేసినారు? ఒక్క మాట సెప్తే పాటలాపేద్దుము కదేటి?"

ఆ రాత్రే తీసివేశాను. అప్పటికే అది వాట్సాప్‌లో ఎన్ని ఊళ్ళు తిరిగిందో!

తర్వాత ఆలోచిస్తే తెలిసింది, ఇది ఒక పక్కనుండే నడిచిన తగవు. వారి పాట నన్ను బాధించింది గాని, పొద చాటున నేనున్నట్టే వారికి తెలియదు. అడవిలో విహరించేవారి మధ్య తగవులు చాలావరకు ఇటువంటివేనట. జర్మనీలోని బాడెన్-వుర్టెంబెర్గ్ రాష్ట్రంలో రెండు మీటర్లకన్న ఇరుకైన అడవిబాటల్లో సైకిలు తొక్కరాదని చట్టమే ఉంది. అయినా నడిచేవారికీ తొక్కేవారికీ మధ్య వాదం ఏళ్ళ తరబడి సాగింది. అంత దూరం ఎందుకు? మా టెక్కలి దగ్గరి తేలినీలాపురంలో పెలికాన్లూ ఎర్రకాళ్ళ కొంగలూ ఇళ్ళ మధ్య చెట్లమీదే గూళ్ళు కడతాయి. ఊరివారు వాటి రాకను శుభమని నమ్ముతారు. చూడవచ్చినవాడు కేకలు వేస్తే అక్కడే ఎవరో ఒకరు చెబుతారు. మా తోపులో ఆ చెప్పే మనిషి లేడు.

ఆ కుర్రవాడూ నేనూ కలిసి వాట్సాప్ గుంపు ఒకటి పెట్టాము. ఆటోవాళ్ళు, వంటవాళ్ళు, కెమెరా కుర్రాళ్ళు చేరారు. మేకలు కాసే తాతకు అటువంటి ఫోను లేదు, మనుమడు చదివి వినిపిస్తాడు. ఎవరు ఏ ఆదివారం వస్తారో ముందే రాస్తారు. తొమ్మిది దాకా వాలువైపు పిట్టలది. పొయ్యిలు చెరువుగట్టు వైపు. పెట్టె భోజనాలయ్యాక, అదీ చిన్నగా. అడగకుండా మనుషుల్ని ఫొటో తీయరాదన్న షరతు నేను పెట్టిందే.

అంతా సవ్యమని కాదు. గుంపు నిండా పొద్దుటి గులాబీపువ్వులే. ఎన్నికల రోజుల్లో ఇద్దరు తిట్టుకొని వెళ్ళిపోయారు. పొరుగూరి నుండి వచ్చేవారికి మా ఒప్పందం తెలియనే తెలియదు. వారికి తెలియాలంటే తోపు పేరు బయట పెట్టాలి. పాడేరు దగ్గరి వంజంగి మేఘాల బొమ్మలు ఫోన్లలో తిరిగాక ఆ కొండమీద జనమూ ప్లాస్టిక్కూ ఎంత పెరిగాయో చూశాము గనుక, పెట్టలేదు. ఇక్కడ కూడా పేరు రాయకపోవడం అందుకే. ఇది పరిష్కారమో, మా పదిమంది స్వార్థమో నేను తేల్చుకోలేకపోతున్నాను.

ఆ పెద్దావిడను మాత్రం క్షమాపణ అడగడానికి ఏడాది పట్టింది. మరుసటి కార్తీకంలో ఉసిరిచెట్టు కిందే కలిశాను. ఆవిడ నా మాట సాంతం వినకుండా పులిహోర వడ్డించి, "పిట్ట దొరికిందేటి బావూ?" అని అడిగింది. లేదన్నాను.