పదహారు ఫేడర్లు

మా ఊరి కళామందిరానికి కొత్త మిక్సర్ కొనాలని కమిటీ తీర్మానించింది. ఏది కొనాలో తేల్చే పని నా మీద పడింది. హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం కాబట్టి డిజిటల్ అన్నదేదైనా నాకు తెలిసే ఉంటుందని వాళ్ళ నమ్మకం. అసలు తెలిసినవాడు మా నాన్న. 35 ఏళ్ళుగా తెనాలి చుట్టుపక్కల నాటకాలకి మైక్‌సెట్ పెడుతున్నాడు. పాత అనలాగ్ మిక్సర్‌లో ఏడో ఛానల్ గరగరమంటుందనీ, పదకొండోది ఓ దెబ్బ వేస్తే గానీ పలకదనీ ఆయనొక్కడికే తెలుసు.

ముందు లెక్క వేశాం. స్టేజి ముందు మైకులు ఐదు, కార్డ్‌లెస్‌లు నాలుగు, హార్మోనియానికి ఒకటి, తబలాకి రెండు, కీబోర్డుకి రెండు, ఉపన్యాసాల పోడియంకి ఒకటి. మొత్తం 15. అంటే 16 ఇన్‌పుట్లుంటే చాలు.

నాకు నచ్చింది యమహా డీఎం3. 2023లో వచ్చింది. 9 అంగుళాల టచ్ స్క్రీన్, 16 మైక్ ఇన్‌పుట్లు, బరువు ఆరున్నర కిలోలు. సంకలో పెట్టుకుని పోవచ్చు. కాకపోతే ఛానళ్ళకి ఫేడర్లు ఎనిమిదే. బటన్ నొక్కితే మిగతా ఎనిమిదీ అవే ఫేడర్ల మీదికొస్తాయి. ఇప్పుడు హరిశ్చంద్రుడి మైకు ఉన్నచోటే మరుక్షణం తబలా ఉంటుంది. పెట్టె చిన్నదవ్వాలంటే ఎక్కడో ఒకచోట రాజీపడాలి.

డీలర్ దగ్గర నాన్న దాన్ని కాసేపు తడిమి చూశాడు. “పద్యం ఎత్తుకున్నాక రాగం ఎంతసేపు తీస్తాడో, ఎప్పుడు మైకు మీదికి వంగుతాడో ఆయనకే తెలీదురా. నేను ఆయన మొహం చూడాలా, ఏ వరసలో ఉన్నానో చూడాలా?” అన్నాడు.

“కంప్రెసర్ పెడితే గొంతు పెరగ్గానే అదే దించేస్తుంది నాన్నా.”

“అది పెరిగాక దించుతుంది. నేను పెరగబోయే ముందే దించుతాను.”

చివరికి అలెన్ అండ్ హీత్ ఎస్‌క్యూ-5 తీసుకున్నాం. కొంచెం పెద్దదే. కానీ 16 ఇన్‌పుట్లకీ 16 ఫేడర్లు ఒకే వరసలో ఉంటాయి, పక్కన మాస్టర్ ఒకటి.

అయితే మందిరంలో నాటకాలు ఏడాదికి పది రోజులే. మిగతాదంతా సన్మానాలు, రిటైర్మెంట్ సభలు, స్కూలు వార్షికోత్సవాలు. అప్పుడు మిక్సర్ దగ్గర ఎవరూ కూర్చోరు. స్విచ్ వేసేది వాచ్‌మన్. అతనికోసం ‘సభ’ అని ఒక సీన్ సేవ్ చేసి, దాన్ని ఒక బటన్‌కిచ్చి, అతని లాగిన్‌లో మిగతావన్నీ తాళం వేశాను.

ఆరు నెలల తర్వాత సంక్రాంతికి వెళ్ళినప్పుడు, నాన్న సేవ్ చేసుకున్న నాటకాల సీన్లు వరసగా తెరిచి చూశాను. ప్రతిదాంట్లోనూ ఈక్వలైజర్ గీత 4 కిలోహెర్ట్జ్ దగ్గర పైకి లేచి ఉంది. మొదటిదానికంటే రెండోదాంట్లో ఎక్కువ, దానికంటే మూడోదాంట్లో ఎక్కువ. పాత మిక్సర్‌లో ఐతే ట్రెబుల్ ఎంత తిప్పాడో మర్నాటికి ఎవరికీ గుర్తుండేది కాదు. ‘ఈమధ్య సౌండ్ కీచుగా ఉంటోంది’ అని కమిటీ కార్యదర్శి ఫోన్‌లో నసిగిన మాట అప్పుడు అర్థమైంది. హారన్ల పక్కన గడిచిన ఇన్నేళ్ళూ ఆయన చెవుల్లోంచి సన్నటి శబ్దాల్ని పట్టుకుపోయాయి. తనకి వినపడనిది జనానికీ వినపడట్లేదనుకుని కలుపుతూ వచ్చాడు.

నాన్న లాగిన్‌లో ఈక్వలైజర్‌కి తాళం వెయ్యడం నాకు అర నిమిషం పని. వాచ్‌మన్‌కి వేసినట్టే. వేలు స్క్రీన్ దాకా వెళ్ళింది కూడా.

వెయ్యలేదు. పండగ వెళ్ళాక గుంటూరు తీసుకెళ్ళి చెవుల పరీక్ష చేయించాను. ఆడియోగ్రామ్‌లో గీత 4 కిలోహెర్ట్జ్ దగ్గర లోయలోకి దిగిపోయింది. నాన్న ఆ కాగితాన్ని చాలాసేపు చూశాడు.

“మిక్సర్‌లో నేను ఎత్తుతున్నది ఇక్కడేనా?”

అవునన్నాను.

ఇంటికొచ్చాక తాళం ఆయనే వెయ్యమన్నాడు. ఇప్పుడు ఫేడర్లు ఆయనవి, ఈక్వలైజర్ డిగ్రీ చదివే మా చెల్లెలిది. ఇద్దరూ పక్కపక్కనే కూర్చుంటారు. తెర లేచేముందు నాన్న ప్రతిసారీ అడుగుతాడట, “పైన సరిపోయిందామ్మా?” అని.