బీల దారి తెలిసిన మా అయ్య

మా అయ్యకి సెంటు భూమి లేదు. పడవ లేదు. రెండు మావులు, ఒక ఊత, నాలుగు గాలాలు. అదీ ఆస్తి. కానీ సోంపేట బీలలో ఏ మడుగున ఏ చేపుందో చుట్టుపక్కల ఎవరికి కావాలన్నా మా మాలపేటకొచ్చి అయ్యనే అడగాలి.

బీలంటే చిత్తడి నేల. పొలాలకి నీరు అదే. గొడ్లకి గడ్డి అదే. భూమి లేని మాకు కూర కూడా అదే.

సంక్రాంతికి కామందుల ఇళ్ళకి పట్నం చుట్టాలొచ్చేవారు. వాళ్ళకి గాలమేసే సరదా. "ఒరే, బాబుల్ని బీలకి తీసుకెళ్ళు" అని కబురొచ్చేది. అయ్య కంటే చిన్నవాళ్ళు కూడా 'ఒరే' అనే పిలిచేవారు. అయ్య ముందు నడిచేవాడు. కాలు దిగబడే చోటు చూపించేవాడు. నీటి మీద బుడగ లేస్తే, "అదిగో బాబూ, కొర్రమీను గాలి పీల్చడానికి పైకొచ్చింది. అక్కడెయ్యండి" అనేవాడు. పడ్డ కొర్రమీను బాబులది. పరిగెలూ జెల్లలూ మావి. ఆ కొర్రమీను తిన్నగా వాళ్ళ వంటింట్లోకి పోయేది. దాన్ని పట్టించినవాడు అరుగు కింద నిలబడేవాడు. దాహమంటే దోసిట్లో పైనుంచి నీళ్ళు పోసేవారు. చేపకి అంటని మైల మా అయ్య చేతికెలా అంటిందో ఇప్పటికీ ఎవరూ చెప్పలేదు.

కొర్రమీను పిల్లలు ఎర్రగా గుంపుకట్టి తేలే చోట మాత్రం అయ్య ఎవర్నీ గాలం వెయ్యనిచ్చేవాడు కాదు. "ఆటి తల్లీ తండ్రీ కిందే కాపలా ఉంటాయి బాబూ. ఆటిని లాగేస్తే పిల్లలన్నీ పోతాయి" అనేవాడు. ఒక కామందు కొడుకు వినలేదు. అయ్య ఆ మడుగుకి దారి చూపనన్నాడు. చెప్పుదెబ్బ తిన్నాడు. అయినా చూపలేదు. ఆ రాత్రి అమ్మ ఏడుస్తుంటే, "ఊరుకోయే, మనకీ పిల్లలున్నారు" అన్నాడంతే.

అమ్మ ఊడుపులకెళ్ళి నడుం పడిపోయి ఇంటికొచ్చేది. చేపలు తోమి పులుసు పెట్టేది అయ్యే. పేటలో మగాళ్ళు నవ్వేవారు. "నవ్వనీ, మీ యమ్మ నడుం నొప్పి ఆళ్ళకేటి తెల్సు" అనేవాడు. నేను సోషల్ వెల్ఫేర్ హాస్టల్లో చేరాక ఆదివారం ఆదివారం నడిచొచ్చేవాడు, చేతిలో పులుసు క్యాను. నేనొక్కడినే తింటే ఒప్పుకునేవాడు కాదు. గదిలో గుంటలందరికీ తలో ముక్క పెట్టేవాడు. మా నోటుపుస్తకాలన్నీ ఎండుచేపల డబ్బులే.

2008లో ప్రభుత్వం బీలలో వందల ఎకరాలు థర్మల్ కరెంటు కేంద్రానికి కేటాయించింది. బీల పనికిరాని భూమన్నారు. ఊళ్ళు తిరగబడ్డాయి. నిజం చూడ్డానికి బయటనుంచి జనం వచ్చారు. వాళ్ళకీ అయ్యే దారి చూపాడు. ఈసారి చేప పట్టించడానికి కాదు, చేప ఉందని చూపించడానికి. మావు ఎత్తి వాళ్ళ ముందు బోర్లించాడు. "పనికిరాని బూమంట! మరి మేమెలా బతికినామో అదీ రాస్కోండి బాబూ" అన్నాడు. వాళ్ళు ఆయన్ని 'మీరు' అన్నారు. ఇంటికొచ్చి ఆ మాట అమ్మకి రెండుసార్లు చెప్పాడు.

2010 జూలై 14న పోలీసులు కాల్పులు జరిపారు. మనుషులు చనిపోయారు. అదే రోజు ఢిల్లీలో జాతీయ పర్యావరణ అప్పిలేట్ అథారిటీ ఆ కేంద్రానికిచ్చిన అనుమతి రద్దుచేసింది. కేంద్రం రాలేదు. బీల మిగిలింది.

అయ్య మిగల్లేదు. ఉద్దానంలో ఎంతోమందిని మింగిన కిడ్నీల జబ్బే ఆయన్నీ 2014లో పట్టుకుపోయింది. డయాలసిస్ కోసం విశాఖకి రెండొందల కిలోమీటర్లు రైల్లో పోయేవాళ్ళం. కిటికీలోంచి ఎక్కడ చెరువు కనబడినా, "ఇందులో మట్టగిడసలుంటాయిరా" అనేవాడు.

బీల కాగితాల్లో ఎకరాలున్నాయి. 2,640 మెగావాట్లున్నాయి. పట్టా ఉన్నవాళ్ళ పేర్లున్నాయి. పట్టా లేకుండా బీలని పాదాలతో చదివినవాడికి ఏ రిజిస్టర్లోనూ గడి లేదు. రేషన్ కార్డులో మా అయ్య వృత్తి 'కూలి' అని ఉంది. అది తప్పు. మా అయ్యకి చదువుంది. ఆ చదువుకి కూలి ఇచ్చారు గానీ పేరివ్వలేదు. హక్కు అడిగేటప్పుడు భూమి దున్నినవాడి లెక్కతో పాటు నీటిని ఎరిగినవాడి లెక్క కూడా అడగండి.