దురదకు కారణం

మన అభ్యుదయ కథల్లో గని కార్మికుడికి దగ్గు వస్తుంది, కఫంలో రక్తం పడుతుంది, పైకప్పు కూలి అతను చచ్చిపోతాడు. కాని అతనికి దురద రాదు. దురదలో విషాదం లేదు. దగ్గేవాణ్ణి చూస్తే జాలి పుడుతుంది, గోక్కునేవాణ్ణి చూస్తే నవ్వో అసహ్యమో పుడుతుంది. అంచేత రచయితలు దాన్ని వదిలేశారు. ఇందువల్ల సాహిత్యానికి కొంత నష్టమే జరిగిందని నా ఉద్దేశం. గనిలో చావు ఎలా వచ్చిందో ఒక్క వాక్యంలో చెప్పి ఊరుకోవచ్చు. దురద ఎందుకు వచ్చిందో చెప్పాలంటే మాత్రం ఆ మనిషి ఎనిమిది గంటలు ఎక్కడ నిలబడ్డాడో, కాళ్ళకు ఏం తొడుక్కున్నాడో, తొడుక్కున్నదాన్ని ఎవరు కొనిచ్చారో అన్నీ చెప్పవలసివస్తుంది.

నేను గోదావరిఖనిలో పిల్లలకు పాఠాలు చెప్పి బతికేవాణ్ణి. మా బావ ఒక కాంట్రాక్టరు కింద బొగ్గు బెల్టుల దగ్గర పనిచేస్తాడు. బెల్టు మీంచి రాలిన బొగ్గును పారతో ఎత్తి మళ్ళీ బెల్టు మీద వెయ్యటం అతని పని. దుమ్ము లేవకుండా నీళ్ళు చల్లుతారు గనక కింద ఎప్పుడూ నల్లటి బురదే. ఆ బురదలో నిలబడటానికి పిక్కల దాకా వచ్చే రబ్బరు బూట్లిచ్చారు. మా వేపు ఎండాకాలం 45 డిగ్రీలు దాటుతుందని చదువరులకు తెలిసే ఉంటుంది. షిఫ్టు దిగాక బూటు తలకిందులు చేస్తే చెమట నీళ్ళలా కారుతుంది. మస్టరు పడితే కూలి, లేకపోతే లేదు.

రెండేళ్ళ కిందట అతని రెండు పాదాల మీదా ఎర్రగా దద్దు లేచింది. నీటిపొక్కులు వచ్చాయి, చితికి రసి కారింది, తర్వాత చర్మం మందమై పగిలింది. రాత్రిళ్ళు నిద్ర లేదు. నిద్ర లేనివాడు తెల్లవారి కదిలే బెల్టు పక్కన నిలబడాలి. ఇది మామూలు ప్రమాదం కాదు.

కారణాలు చెప్పేవాళ్ళకు మాత్రం కొదవలేదు. ఒంట్లో వేడి పెరిగిందని మా అత్త తేల్చింది. వంకాయా, ఎండుచేపలూ, గోంగూరా బందయినాయి. నాలుగు నెలలు మా అక్క ఇంట్లో వంకాయ కూర వండలేదు. పాపం, వంకాయకు ఏమీ తెలియదు! వెనకటి రోజుల్లో తట్టా చెమ్మస్ పట్టిన పక్కింటి ముసలాయన బొగ్గునీళ్ళు పడలేదన్నాడు. ఎవరో నల్లజీడి గింజ కాల్చి రాయమన్నారు. అదృష్టవశాత్తు ఎవరికీ గింజ దొరకలేదు. మందుల షాపతను పాదం వేపు కూడా చూడకుండా తామర అని చెప్పి ఒక ట్యూబు ఇచ్చాడు.

ఈ ట్యూబు గురించి కొంచెం చెప్పాలి. మూడు మందులు కలిపిన లేపనం అది: బూజుజాతి క్రిములను చంపేదొకటి, బాక్టీరియాను చంపేదొకటి, వాపునూ దురదనూ అణిచే ఘాటైన స్టెరాయిడు ఒకటి. రెండు రోజుల్లో దురద పోతుంది. పోగొట్టింది స్టెరాయిడే, కారణం ఎక్కడున్నది అక్కడే ఉంటుంది. తామర ఉన్నవాడు రాస్తే తామర లోలోపల పాకుతుంది. తామర లేనివాడు నెలల తరబడి రాస్తే చర్మం ఉల్లిపొరలా పలచబడుతుంది. మన దేశంలో ఈ పదేళ్ళలో తామర మొండికేసి మామూలు మందులకు లొంగకపోవటానికి ఇలాంటి లేపనాల విచ్చలవిడి వాడకం ఒక కారణమని చర్మవైద్యులు పదేపదే చెబుతున్నారు. 2018లో కేంద్ర ప్రభుత్వం ఇలాంటి పద్నాలుగు స్టెరాయిడ్లు కలిసిన లేపనాలను డాక్టరు చీటీ లేకుండా అమ్మగూడదని నిబంధన మార్చింది. మా వాడలో చీటీ అడిగిన షాపు నేను చూడలేదు. షాపతన్ని తిట్టి లాభం లేదు. డాక్టరు దగ్గరికి పోతే పూట కూలి పోతుంది, షాపు షిఫ్టు దిగే దారిలోనే ఉంది.

ఇటలీలో రామజ్జినీ అనే వైద్యుడుండేవాడు. ఆయన 1700లో శ్రామికుల జబ్బుల గురించి ఒక పుస్తకం ప్రకటించాడు. రోగిని అడగమని హిప్పోక్రటీస్ చెప్పిన ప్రశ్నలకు ఆయన ఒకటి చేర్చాడు: “నువ్వు ఏం పని చేస్తావు?” మూడువందల ఏళ్ళు దాటినా ఆ ప్రశ్నకు మా బావ దగ్గరికి రావటానికి ఎనిమిది నెలలు పట్టింది.

ఈలోగా మాకు ఒక ఆధారం దొరికింది. చెల్లెలి పెళ్ళికని బావ ఊరికి పోయి తొమ్మిది రోజులున్నాడు. “ఊర్ల ఉన్నన్ని దినాలు మంచిగనే ఉండె బామ్మర్దీ. అచ్చి బాయి కాడికి పోయినంక మూడొద్దులకు మళ్ళ షురువైంది,” అన్నాడు. ఊరి నీళ్ళ మహిమ అంది మా అత్త. ఊళ్ళో నీళ్ళు మారినమాట నిజమే. కాని గాలీ మారింది, తిండీ మారింది, బొగ్గు లేదు, బూట్లూ లేవు. ఇన్ని ఒక్కసారే మారినప్పుడు దేన్ని పట్టుకోవాలి?

ఇక్కడ తర్కం కొంత పనికివచ్చింది. బొగ్గే కారణమైతే చేతులకూ మెడకూ ముందు రావాలి, అక్కడ ఏమీ లేదు. రోడ్ల పక్కన పెరిగే వయ్యారిభామ వల్లనైతే ముఖం మీదా, మోచేతి మడతల్లోనూ, ఎండా గాలీ తగిలే చోట్లా వస్తుంది. గజ్జి అయితే వేళ్ళ సందుల్లోనూ మణికట్టు దగ్గరా నడుము చుట్టూ వచ్చి, ఇంట్లో అందరికీ అంటుకునేది. చెమట పొక్కులు వీపు మీదా రొమ్ము మీదా రావాలి. పాదాల తామర సాధారణంగా చివరి వేళ్ళ సందులో మొదలవుతుంది, చాలాసార్లు ఒక కాలికే వస్తుంది. బావకు వేళ్ళ సందులు శుభ్రంగా ఉన్నాయి. రెండు పాదాల మీదా ఒకే మాదిరిగా వచ్చిన దద్దు పిక్కల దాకా పాకి అక్కడ గీత గీసినట్టు ఆగిపోయింది. ఆ గీత బూటు అంచు.

ఇలాంటి ఉదంతం వైద్యచరిత్రలో ఒకటి ఉంది, మన దేశంలోనే జరిగింది. రెండవ ప్రపంచయుద్ధకాలంలో ఇక్కడ విడిది చేసిన అమెరికన్ సైనికులకు మెడ వెనకా నడుము దగ్గరా పొక్కులు లేచాయి. అసలు సంగతి బట్టల్లో ఉంది. ఎవరి బట్టలు ఎవరివో తెలియటానికి చాకళ్ళు మెడపట్టీ లోపల నల్లజీడి రసంతో గుర్తులు పెట్టేవారు. గుర్తు తగిలే చోటే దద్దు లేచింది. ఈ సంగతిని వైద్యులు 1943లో ప్రకటించారు. సైనికుడి చొక్కా వెనక్కి తిప్పి చూసినవాడికి కారణం కనబడింది. మా బావకు రాయమన్నది ఆ గింజనే.

ఎట్టకేలకు కరీంనగర్‌లో ఒక డాక్టరమ్మ ముందు బావ పని అడిగింది. తర్వాత, “బూట్లు తెచ్చుకున్నావా?” అంది. ముందు చర్మం మీది పొట్టు గీకి సూక్ష్మదర్శిని కింద చూసింది, తామర లేదు. అప్పుడు వీపు మీద అట్టీల పరీక్ష చెయ్యాలంది. 1895లో జర్మనీలో యాడసోన్ అనే వైద్యుడు మొదలుపెట్టిన పద్ధతి ఇది. అనుమానమున్న పదార్థాలను కొద్దికొద్దిగా చిన్న బిళ్ళల్లో పెట్టి వీపుకు అంటిస్తారు. రెండు రోజులకు తీసి చూస్తారు, మరో రెండు రోజులకు మళ్ళీ చూస్తారు. ఇలాంటి దద్దు వెంటనే లేవదు. శరీరం ఆ పదార్థాన్ని గుర్తుపట్టి తిరగబడటానికి ఒకటి నుంచి మూడు రోజులు పడుతుంది. ఊరి నుంచి వచ్చిన మూడో రోజున మళ్ళీ ఎందుకు మొదలయిందో దీంతో తేలిపోయింది.

శాస్త్రరీత్యా ఇది చాలా సులువైన పరీక్ష. బావకు మాత్రం సులువు కాదు. వారంలో మూడుసార్లు అరవై పైచిలుకు కిలోమీటర్లు పోవాలి. బిళ్ళలున్నన్నాళ్ళు వీపు తడవగూడదు, చెమట పట్టగూడదు. బొగ్గు ఎత్తేవాడితో చెమట పట్టించుకోవద్దంటే ఆ వారం పని మానుకోమన్నట్టే. డాక్టరమ్మ డబ్బు తీసుకోలేదు, కాని పరీక్షకు వారం కూలి ఖర్చయింది. మా అక్క చీటీ డబ్బుతో ఆ వారం గడిపింది. పేదవాళ్ళ జబ్బులకు కారణాలు తెలియకపోవటం వాళ్ళ అజ్ఞానం వల్లనేనని వాదించే మిత్రులు ఈ లెక్క వేసి చూడాలి.

నాలుగో రోజున రెండు చోట్ల దద్దు లేచింది: ఒకటి మెర్కాప్టోబెంజోథయాజోల్ అనే పదార్థం పెట్టిన చోట, రెండోది బూటు లోపలి నుంచి కోసి పెట్టిన ముక్క కింద. రబ్బరును గంధకంతో ఉడికించి గట్టిపరిచేటప్పుడు ఆ పని తొందరగా జరగటానికి ఈ పదార్థం కలుపుతారు. అది రబ్బరులో కొంత మిగిలిపోతుంది. వేడికీ చెమటకూ ఊరి చర్మంలోకి దిగుతుంది. ఒకసారి పడకపోవటం మొదలైతే జన్మంతా పడదు. ఎంత లేపనం రాసినా, ఎన్ని కూరగాయలు మానినా మర్నాడు పొద్దున ఆ బూటే తొడిగితే దురద తప్పదు.

సిమెంటు విషయంలో ఇదే కథ మరోలా నడిచింది. తాపీపనివాళ్ళ చేతులు పగిలి రసి కారటానికి సిమెంటులోని ఒక రకం క్రోమియం లవణం ముఖ్యకారణం. సిమెంటులో కాస్త ఫెర్రస్ సల్ఫేటు, అంటే మన అన్నభేది, కలిపితే ఆ లవణం హాని తగ్గిపోతుంది. డెన్మార్కులో 1980ల మొదట్లోనే కలపటం ప్రారంభించారు, అక్కడ తాపీపనివాళ్ళలో ఈ జబ్బు బాగా తగ్గింది. 2005 నుంచి యూరోపియన్ యూనియన్ దేశాల్లో పది లక్షల పాళ్ళకు రెండు పాళ్ళకు మించి ఆ లవణం ఉన్న సిమెంటును చేతిపనికి అమ్మగూడదు. అక్కడ తాపీపనివాడికి లేపనం ఇచ్చి ఊరుకోలేదు, సిమెంటునే మార్చారు. అన్నభేది ఖరీదైన వస్తువేమీ కాదు.

గనుల సంగతికి వస్తే, 1952 నాటి గనుల చట్టం కింద యజమానీ వైద్యుడూ అధికారులకు విధిగా తెలపవలసిన జబ్బుల జాబితా ఒకటి ఏర్పడింది. ఊపిరితిత్తుల జబ్బులు అందులో ఎప్పుడో చేరాయి. రసాయనాలు తగిలి వచ్చే చర్మవ్యాధి 2011లో చేరింది. అంటే దాదాపు అరవై ఏళ్ళు దురద చట్టం దృష్టిలో కూడా జబ్బు కాలేదన్నమాట. రచయితలొక్కరినే అనటం అన్యాయం. జాబితాకెక్కినంత మాత్రాన కాంట్రాక్టరు దగ్గర పనిచేసేవాడి పాదం ఎవరూ చూడరు. వాడు చూపించాలి, చూపించటానికి మస్టరు పోగొట్టుకోవాలి.

ఉపశమనం గురించి కూడా చెప్పాలి, కారణం తెలిసిన రాత్రి కూడా కాళ్ళు దురద పెడతాయి గనక. డాక్టరమ్మ చెప్పినవి ఇంట్లో చెయ్యగలిగినవే. రసి కారేటప్పుడు శుభ్రమైన పాతగుడ్డ చల్లటి నీళ్ళలో తడిపి పదిహేను నిమిషాలు పాదం మీద వేసి తియ్యాలి, రోజుకు మూడుసార్లు. రసి ఆగి చర్మం ఎండిన తర్వాత ఇంకా తేమ ఉండగానే కొబ్బరినూనో వాజలైనో పలచగా రాయాలి. మరుగునీళ్ళు పొయ్యగూడదు, పోసిన క్షణం హాయిగా ఉంటుంది, గంటకు దురద రెట్టింపవుతుంది. వెల్లుల్లి నూరి కట్టగూడదు, చర్మం కాలుతుంది. స్టెరాయిడు లేపనం ఆవిడ కూడా రాసిచ్చింది, కాని ఒక్కటే మందు ఉన్నది, ఇన్ని రోజులని లెక్కపెట్టి. నూలు మేజోళ్ళు రెండు జతలు ఉంచుకుని షిఫ్టు మధ్య మార్చుకోమంది. మార్చుకునే చోటు ఎక్కడని బావ అడిగాడు. గని పైన స్నానాల గదులూ, బట్టలు పెట్టుకునే అరలూ ఉండాలని 1959లోనే బొగ్గుగనులకు నిబంధనలు వచ్చాయి. బావ, అతని తోటివాళ్ళూ పంపు దగ్గర నిలబడి కాళ్ళు కడుక్కుంటారు.

రబ్బరు కలవని పీవీసీ బూట్లు వాడమని డాక్టరమ్మ చీటీ రాసింది. బావ దాన్ని కాంట్రాక్టరు మనిషికి చూపించాడు. ఇచ్చినవి తొడుక్కుంటే తొడుక్కో, లేకుంటే నీ ఇష్టం అన్నాడా మనిషి. చివరికి బావ బజార్లో సొంత డబ్బుతో కొనుక్కున్నాడు. అయిదు వారాలకు చర్మం మామూలు రంగుకు వచ్చింది. మా అక్క వంకాయ కూర వండింది.

బావ కాళ్ళు మానటం చూసి బెల్టు దగ్గరివాళ్ళు ఒక్కొక్కరే బూట్లు విప్పి చూపించారు. కొందరిది తామరే. కొందరికి మాత్రం అదే గీత, పిక్కల మీద. ఆదివారం మా ఇంట్లో కూచుని దరఖాస్తు రాశాం: రబ్బరు పడనివాళ్ళకు పీవీసీ బూట్లు ఇప్పించాలని, పరీక్షకు పోయిన రోజులకు కూలి కట్టాలని. ఏడుగురు సంతకాలు పెట్టారు. ఎనిమిదో ఆయన అందరికంటే చెడ్డ కాళ్ళవాడు. కలం పట్టుకుని చాలాసేపు కూచున్నాడు. “కాళ్ళ బొమ్మ దీసి పెట్టుండ్రి సారూ, పేరు మాత్రం రాయకుండ్రి,” అన్నాడు. ఫోటో తీసి దరఖాస్తుకు జతచేశాం. సోమవారం యూనియన్ ఆఫీసులో ఇచ్చాం.